మాత్రలు ఒక డాక్టర్ దగ్గర, మాటలు ఇంకొకరి దగ్గర, మధ్యలో నేను

గోదావరి_గట్టు
రాజమండ్రిలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. గత సంవత్సరం చివర్లో మొదలైంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఆ తర్వాత నిద్ర లేదు, సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడితే కళ్లలో నీళ్లు. సైకియాట్రిస్ట్ డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ రాశారు. మనిషి మంచివారే, కానీ కుర్చీలో సర్దుకునేలోపే చీటీ చేతికి వస్తుంది. నింపాదిగా మాట్లాడేవాళ్లు ఉంటే బాగుంటుందని ఆన్‌లైన్‌లో ఒక కౌన్సెలర్‌ను చూసుకున్నాను. ఆవిడ శ్రద్ధగా వింటారు. అయితే పోయిన వారం "ఈ మాత్రలు మీ భావాలను అణిచేస్తున్నాయి, అవి ఆపితేనే మనం లోతుకు వెళ్లగలం" అన్నారు. ఆ సంగతి డాక్టర్ గారికి చెబితే "ఆ కబుర్లకు డబ్బు ఎందుకు తగలేస్తున్నారు" అన్నారు. ఎవరిని నమ్మాలి? రెండూ కలిపి చేయించుకుంటే లాభమా, ఒకదానికొకటి అడ్డమా? మా వారేమో రెండూ మానేసి అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకుందామంటున్నారు.

సత్తిబాబు_1958
మీ వారి మాటే నయం. పొద్దున్నే లేచి గట్టు మీద గంటసేపు నడవండి, పేరులోనే పెట్టుకున్నారు కదా. మా తరంలో ఈ జబ్బుల పేర్లే తెలియవు.

ఓపీ_టోకెన్_47
పేర్లు తెలియవు, జబ్బు మాత్రం ఉండేది సత్తిబాబు గారూ. మా తాతయ్య చాలాకాలం అరుగు మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారట. ఊళ్లో అందరూ వైరాగ్యం వచ్చిందని దండం పెట్టి పోయేవారు.

నిర్వాహకుడు
ముందే చెబుతున్నాను. ఎంత డోసు వాడాలో, ఏ మాత్ర ఆపాలో ఇక్కడ రాస్తే తొలగిస్తాను. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారు ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకండి, 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ మానసిక సహాయ లైను అది. ఉచితం, ఏ వేళలోనైనా, తెలుగులో మాట్లాడతారు.

వేపచెట్టు_నీడ
నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ను కాబట్టి ముందు నా వైపు వాళ్లనే తిడతాను. మాత్రలు రాసే అధికారం మాకు లేదు. రాయలేనివాళ్లు ఆపమని ఎలా చెబుతారు? టీచరు గారూ, ఆవిడ చదువు ఏమిటో అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉంటుంది, నెంబరు అడిగితే నొచ్చుకోకూడదు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం వారాంతపు కోర్సు చేసినవాళ్లు కూడా పెట్టేసుకుంటున్నారు.

ఆవిడ మాటలో ఒక పిసరు నిజం ఉంది, అదీ చెప్పాలి. ఈ మందుల మీద కొందరికి దుఃఖం తగ్గడంతో పాటు సంతోషం కూడా తగ్గుతుంది, అంతా మొద్దుబారినట్టు ఉంటుంది. మీకు అలా ఉంటే అది డాక్టర్‌కు చెప్పవలసిన దుష్ప్రభావం. ఆయన డోసు చూస్తారు, లేదా మందు మారుస్తారు. ఆవిడ చేయవలసింది "ఇది మీ డాక్టర్‌తో చెప్పండి" అని రెండు ముక్కలు రాసి ఇవ్వడం.

గోదావరి_గట్టు
మొద్దుబారడం లేదండీ. నిజానికి మాత్రలు మొదలుపెట్టాక నిద్ర కుదుటపడింది. అందుకే ఆపమన్నప్పుడు భయం వేసింది. చదువు అడిగితే ఆవిడ ఏమనుకుంటారో అని ఆగుతున్నాను.

ఓపీ_టోకెన్_47
పిల్లలను ఎక్కాలు అప్పజెప్పమనడానికి ఆగరు కదా మీరు. అలాగే అడిగేయండి.

ఎర్రమందారం
ఒక జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్‌ను. వేపచెట్టు గారు తమవాళ్లను తిట్టారు కాబట్టి మావాళ్ల వంతు నేను తీసుకుంటాను. "కబుర్లు" అనడం తప్పు. మా పాఠ్యపుస్తకాల్లోనే అలా లేదు.

స్థూలంగా విషయం ఇదీ. తేలికపాటి డిప్రెషన్‌కు మాటల చికిత్స ఒక్కటే చాలా సందర్భాల్లో సరిపోతుంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తీవ్రత తక్కువగా ఉంటే మాత్రలతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి కాకూడదంటాయి, రోగి కోరుకుంటే తప్ప. తీవ్రత ఎక్కువగా ఉంటే అవే మార్గదర్శకాలు సీబీటీ, మాత్ర రెండూ కలిపి ఇవ్వడాన్ని జాబితాలో పైన పెట్టాయి. సీబీటీ అంటే ఆలోచనలను, అలవాట్లను పట్టి చూసే పద్ధతి.

రెండూ ఎందుకు కలపాలంటే, వాటి పని వేళలు వేరు. మాత్ర ప్రభావం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అది పనిచేస్తే ముందు నిద్ర, ఆకలి, ఒంట్లో సత్తువ తిరిగి వస్తాయి. మాటల చికిత్స నిదానంగా ఎక్కుతుంది కానీ అది ముగిశాక కూడా నిలుస్తుంది. మాత్ర ఒక్కటే వాడి ఆపేసినవారితో పోలిస్తే, సీబీటీ పూర్తిచేసినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువని పలు అధ్యయనాల్లో కనిపించింది. మంచం దిగలేని మనిషికి "మీ ఆలోచనలు నోటుబుక్కులో రాయండి" అంటే ఎలా రాస్తాడు? ముందు దిగనివ్వాలి.

సత్తిబాబు_1958
డాక్టర్ గారూ, ఇవన్నీ మందుల కంపెనీలు డబ్బిచ్చి చేయించిన పరిశోధనలు కావా?

లెక్కల_పురుగు
ఈసారి సత్తిబాబు గారి అనుమానం పూర్తిగా గాలిలోది కాదు. కలిపి ఇస్తే మేలు అని అందరూ ఉదహరించే ప్రయోగం ఒకటి 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దీర్ఘకాలిక డిప్రెషన్ ఉన్న 681 మంది. నెఫజొడోన్ అనే మాత్ర ఒక్కటే వాడినవారిలో 48 శాతం మందికి గుణం కనిపించింది. మాటల చికిత్స ఒక్కటే తీసుకున్నవారిలోనూ సరిగ్గా 48. రెండూ తీసుకున్నవారిలో 73. చూడగానే కళ్లు చెదిరే తేడా. కానీ డబ్బు పెట్టింది ఆ మాత్ర తయారుచేసిన బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ కంపెనీయే. రచయితలకు కంపెనీలతో ఉన్న సంబంధాలు పత్రికలో అచ్చువేయలేనంత పొడవున్నాయని సంపాదకురాలు మార్షా ఏంజెల్ అదే సంచికలో సంపాదకీయం రాశారు. ఆ మాత్ర కాలేయాన్ని దెబ్బతీయవచ్చని తేలాక, 2004లో అమెరికాలో దాని అమ్మకం ఆ కంపెనీ ఆపేసింది.

ఇంకో లోపం: ఉత్తుత్తి మాత్ర ఇచ్చి మాటల చికిత్స చేసిన గుంపు అందులో లేదు. రెండూ అందుకుంటున్నామని తెలిసిన మనిషికి ఆశ ఎక్కువ ఉంటుంది కదా. ఆ 73లో ఆశ వాటా ఎంతో ఎవరు చెబుతారు?

సత్తిబాబు_1958
చెప్పానా?

లెక్కల_పురుగు
ఆగండి, పూర్తికాలేదు. ఆ ఒక్క ప్రయోగాన్నీ పక్కన పెట్టినా, తర్వాత కంపెనీల డబ్బు లేని పరిశోధనలను కూడా కలిపి లెక్కకట్టినప్పుడు కలిపి ఇవ్వడమే ముందుంది. తేడా అంత పెద్దది కాదు, కానీ ఉంది. నా అభ్యంతరం ఆ 73 శాతాన్ని దేవుడి పటంలా గోడకు తగిలించడం మీదే.

ఎర్రమందారం
ఒప్పుకుంటున్నాను. ఒక మాత్రతోనే పని అయిపోతుందనుకునేవాళ్ల కోసం దీన్నీ కలపండి: అమెరికాలో స్టార్ డీ అనే పెద్ద ప్రభుత్వ అధ్యయనం జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో మొదటి మాత్రతో లక్షణాలన్నీ పోయినవారు మూడింట ఒకవంతు దాకానే. మిగతావారికి డోసో, మందో, దారో మార్చవలసి వచ్చింది.

డాలస్_మామయ్య
ఇక్కడ ఏదో వెలగబెడుతున్నారనుకోకండి. మాత్ర రాసింది మా ఇంటి డాక్టర్, బీపీ మాత్రతో పాటే. థెరపిస్ట్ కోసం ఇన్సూరెన్స్ జాబితాలో ఫోన్లు చేస్తే సగం మంది కొత్తవారిని తీసుకోవడం లేదన్నారు. దొరికిన అమ్మాయి చాలా మంచిది, కానీ ఉమ్మడి కుటుంబం సంగతి చెబితే "మీరు హద్దులు గీసుకోవాలి" అంటుంది. మా అమ్మ దగ్గర హద్దు గీసి చూపించమనండి, నేనూ నేర్చుకుంటాను.

కోడలుపిల్ల
మామయ్య గారూ 😂 ఆ పాఠం మొదలైతే నాకూ ఒక సీటు ఉంచండి.

మందులషాపు_మూర్తి
నేను డాక్టర్‌ను కాను, కౌంటరు ఇవతల నిలబడి చూసేది చెబుతాను. ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ ఒకే మాత్రలో కలిపినవి వస్తాయి. చాలామంది అది ఒకటే మందు అనుకుంటారు. రెండో సగం మత్తునిచ్చే రకం, అలవాటు పడుతుంది. మామూలుగా కొన్ని వారాలకే రాస్తారు. పాత చీటీ పట్టుకుని సంవత్సరాల తరబడి కొనేవాళ్లు వస్తారు. డాక్టర్‌ను చూసి చీటీ మార్పించుకోమంటే ఇంకో షాపుకు పోతారు. టీచరు గారూ, మీ అట్ట మీద మందు పేరు ఒకటే ఉందా, రెండున్నాయా చూసుకోండి. రెండుంటే సొంతంగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం. డాక్టర్‌ను అడగండి.

గోదావరి_గట్టు
ఇప్పుడే చూశాను, ఒకటే ఉంది. ధన్యవాదాలు.

పేరు_వద్దు
ఇక్కడ చెప్పడానికి సిగ్గుగానే ఉంది. సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మాత్ర వాడుతున్నప్పుడు మనసు తేలికపడింది కానీ దాంపత్య జీవితం పూర్తిగా మూలపడింది. డాక్టర్ అడగలేదు, పక్కన నర్సు ఉంటే నేను చెప్పలేదు. నాకు నేనే ఆపేశాను. తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు కొట్టినట్టు, చిరాకు, ఏవేవో కలలు. జబ్బే తిరగబెట్టిందనుకున్నాను. ఇదంతా ముందు తెలిసింది సైకాలజిస్ట్‌కు, ఎందుకంటే ఆయన దగ్గర ముప్పావుగంట కూర్చునేవాణ్ని. "ఇది మాత్ర ఒక్కసారిగా ఆపడం వల్ల కావచ్చు, ఈరోజే డాక్టర్‌ను కలవండి" అని రాసి ఇచ్చారు. డాక్టర్ వేరే మందుకు మార్చారు. ఆ కాగితం లేకపోతే నేను మళ్లీ ఆ గది గడప తొక్కేవాణ్ని కాదు.

ఎర్రమందారం
సిగ్గుపడవలసిన పని లేదు. ఈ రకం మందులతో ఇది చాలా తరచుగా వచ్చే ఇబ్బంది, మేమే అడగాలి. చెప్పకుండా మందు ఆపేయడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. వికారం, కడుపులో తిప్పడం లాంటివి మొదటి వారం పది రోజుల్లో చాలామందికి సర్దుకుంటాయి. ఇది సర్దుకోకపోవచ్చు, అందుకే దారి మార్చాలి. ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. బాగుపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమనేది మామూలు సలహా, పదేపదే వచ్చేవారికి ఇంకా ఎక్కువకాలం.

వేపచెట్టు_నీడ
పేరు_వద్దు గారి అనుభవమే నా వాదనంతా. రెండు చోట్లకు వెళ్లినంత మాత్రాన కలిపి వైద్యం చేయించుకున్నట్టు కాదు. ఒక గదిలో తెలిసింది ఇంకో గదికి చేరాలి. డాక్టర్ నెలకోసారి చూస్తారు, నేను వారానికోసారి చూస్తాను. మనిషి ఉన్నట్టుండి రెండు గంటలే నిద్రపోతూ, గలగలా మాట్లాడేస్తూ, అప్పు చేసి బైకు కొనేస్తే అది ముందు నా కంట పడుతుంది. బైపోలార్, అంటే మనసు ఒకసారి కుంగి ఇంకోసారి అతిగా ఉప్పొంగే జబ్బు, ఉన్నవారికి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఇలా మరో కొసకు వెళ్లే ప్రమాదం ఉంది. ఆ రోజు నేను డాక్టర్‌కు ఫోన్ చేయకుండా "హమ్మయ్య, హుషారుగా ఉన్నారు" అని రాసుకుంటే నా డిగ్రీ దేనికి?

సత్తిబాబు_1958
మరి నడక సంగతి ఎవరూ మాట్లాడరేం?

వేపచెట్టు_నీడ
మాట్లాడుతున్నాను సత్తిబాబు గారూ. నైస్ వాళ్లే తేలికపాటి డిప్రెషన్‌కు గుంపుగా చేసే వ్యాయామాన్ని ఒక చికిత్సగా పెట్టారు. మేం చేసే వాటిలో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఒకటి ఉంది. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పని పెట్టుకుని చేయడం, దానితో మనసు ఎలా మారిందో చూసుకోవడం. మీరు గంట నడవమన్నారు. మేం వీధి చివరి వరకు వెళ్లి పాలప్యాకెట్ తెమ్మంటాం, రేపు పొద్దున ఆరున్నరకు అని టైము పెట్టి మరీ. గంట నడవగలిగే మనిషి ఇక్కడ ప్రశ్న అడగడు.

సత్తిబాబు_1958
పాలప్యాకెట్ అయితే నాకు అభ్యంతరం లేదు.

నల్లగొండ_నాగు
ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చటలా ఉంది. మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. పత్తి పోయి, అప్పు మీద పడి, మూడు నెలలుగా గదిలోంచి రావడం లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, మంచిదే. మాట్లాడేవాళ్లు కావాలంటే హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడ ఒక్కసారి కూర్చోవడానికి అడిగే ఫీజు మాకు ఎరువు బస్తా ఖర్చు. రాకపోకలు వేరే. మాలాంటివాళ్లకు కలిపి వైద్యం ఎక్కడిది?

ఓపీ_టోకెన్_47
దీనికి నా దగ్గర జోకు లేదు నాగు. డాక్టర్ గారూ, మీరు చెప్పండి.

ఎర్రమందారం
నాగు, ముందు తమ్ముడి విషయం. పాతికేళ్ల లోపు వారికి ఈ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు కాస్త దగ్గరగా గమనించాలి. ఎక్కువ అశాంతిగా తిరుగుతున్నా, చావు మాటలు వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగవద్దు. పురుగుల మందు ఇంట్లో ఉంటే ఇవాళే వేరే చోటికి చేర్చండి. ఇది తప్పనిసరి.

మాటల చికిత్సకు పెద్ద డిగ్రీలే కావాలని లేదు. గోవాలో సంగత్ అనే సంస్థ, విక్రమ్ పటేల్ బృందం, మానసిక వైద్యంలో ముందు శిక్షణ లేని మామూలు మనుషులకు నేర్పించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పెట్టారు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోవడం, అంతే. వేపచెట్టు గారి పాలప్యాకెట్ పద్ధతే. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిలో మూడు నెలల తర్వాత చూస్తే, ఇది తీసుకున్నవారిలో 64 శాతం మంది కోలుకున్నారు, తీసుకోనివారిలో 39 శాతం. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అంటే పల్లెలో సాధ్యమే. అన్ని జిల్లాల్లో ఎందుకు లేదనేది నన్ను కాదు, పద్దులు రాసేవాళ్లను అడగాలి.

లెక్కల_పురుగు
బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్, ఆందోళన లాంటి మామూలు మానసిక సమస్యలున్నవారిలో ఎనభై అయిదు శాతం మందికి చికిత్సే అందడం లేదు. పన్నెండు రాష్ట్రాల్లో చేశారు, మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు. కాబట్టి నాగు అన్నది నిజమే. మాత్ర, మాట అని మనం వాదించుకుంటున్నాం, ఎక్కువమందికి రెండూ లేవు.

నల్లగొండ_నాగు
పురుగుల మందు డబ్బా నిన్ననే మేనమామ ఇంటికి పంపించాను. 14416కు చేయమంటే తమ్ముడు ఫోన్ పట్టుకోడు. నేను చేయవచ్చా?

వేపచెట్టు_నీడ
చేయవచ్చు, ఇంటివాళ్లు కూడా చేస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో సైకాలజిస్ట్ కానీ సోషల్ వర్కర్ కానీ ఏ రోజు ఉంటారో కూడా అడగండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఆ పోస్టులు ఉంటాయి, చాలాచోట్ల ఖాళీగా ఉంటాయి, అయినా అడగండి. ఈలోపు మీరు ఒక పని చేయండి. రోజూ ఒకే వేళకు తమ్ముణ్ని చాయ్‌కి బయటికి తీసుకెళ్లండి. అప్పు సంగతి ఎత్తకండి.

డాలస్_మామయ్య
ఇండియాలో ఇన్సూరెన్స్ ఇవ్వదా? 2017 చట్టం వచ్చాక మానసిక జబ్బులకు కూడా ఇవ్వాలి అన్నారు కదా.

లెక్కల_పురుగు
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులతో సమానంగా ఇవ్వాలి. ఆ సమానత్వమే ఇక్కడ చిక్కు. మన పాలసీల్లో ఎక్కువ వాటికి జ్వరమొచ్చి ఓపీకి వెళ్లినా డబ్బు రాదు, ఆసుపత్రిలో చేరితేనే వస్తుంది. డిప్రెషన్ వైద్యం ముప్పాతిక మూడొంతులు ఓపీలోనే. ఓపీ ఖర్చులు కలిపిన పాలసీ అయితే చూడవచ్చు.

కోడలుపిల్ల
అటూ ఇటూ కబురు మోసే పని నేను చేశాను, కాబట్టి చెబుతాను. పాప పుట్టాక నాకు వచ్చింది. డాక్టర్ ఒక ఊళ్లో, సైకాలజిస్ట్ ఇంకో ఊళ్లో. ఆయన అన్నది ఈవిడకు, ఈవిడ అన్నది ఆయనకు నేనే చెప్పాలి. ఆ స్థితిలో పాపకు పాలు పట్టిన వేళే గుర్తుండదు, డోసు ఏం గుర్తుంటుంది? చివరికి మా అత్తగారు, అవును, అత్తగారే, ఒక ఫైలు కొని ఇద్దరి ఫోన్ నెంబర్లూ దాని మీద రాసి, "ఒకరితో ఒకరు మాట్లాడుకోండి, మా పిల్లకు ఓపిక లేదు" అని ఇద్దరికీ చెప్పారు. మాట్లాడుకున్నారు! అంతవరకు వాళ్లను ఎవరూ అడగలేదట.

ఓపీ_టోకెన్_47
ఈ వేదికలో అత్తగారికి మంచి మార్కులు పడటం ఇదే మొదటిసారి.

ఎర్రమందారం
మేం అడగకుండా మాట్లాడుకోకపోవడానికి బద్ధకం ఒక కారణం, ఒప్పుకుంటాను. ఇంకో కారణం గోప్యత. 2017 చట్టమే మీ విషయాలు మీ అనుమతి లేకుండా బయట చెప్పకూడదంటుంది. మీరు "నా చికిత్స గురించి ఫలానావారితో మాట్లాడవచ్చు" అని రాసి సంతకం పెట్టి ఇస్తే మాకు సులువు. ఎంతవరకు చెప్పవచ్చో కూడా మీరే రాయవచ్చు. నిద్ర, మందు, చావు ఆలోచనల సంగతి చెప్పండి, అత్తగారి సంగతి చెప్పవద్దు అని రాసినా చెల్లుతుంది. మీ వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు కూడా అందులో ఉంది.

గోదావరి_గట్టు
ఆవిడను అడిగాను. ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేశారట. కోపం తెచ్చుకోలేదు, కానీ మాత్రల విషయంలో తన మాట తనదే అన్నారు. మానేశాను. కాకినాడలో నమోదు ఉన్న సైకాలజిస్ట్ ఒకరు ఉన్నారని తెలిసింది, పదిహేను రోజులకోసారి వెళ్లగలను. మాత్రలు కొనసాగిస్తున్నాను. డాక్టర్ గారికి ఈసారి మీరు చెప్పిన అనుమతితో పాటు నా సంగతులన్నీ రాసి లెటర్ ఇస్తాను. ఆయన మళ్లీ కబుర్లు అంటే?

ఓపీ_టోకెన్_47
నా డాక్టర్ కూడా మొదట్లో అలాగే విసుక్కున్నారు. నేను డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ తొమ్మిది ప్రశ్నల కాగితం ప్రతిసారీ నింపి పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. ఇరవై ఏడుకు ఎన్ని వచ్చాయో పైన పెద్దగా రాసేవాణ్ని. ఓపీలో ఆయనకు కథ వినే తీరిక లేదు, అంకె చూసే తీరిక ఉంది. అంకె తగ్గుతుంటే ఏం చేస్తున్నారని ఆయనే అడిగారు. అప్పుడు చెప్పాను.

ఎర్రమందారం
ఇది నిజంగా పనిచేస్తుంది. చివరి ప్రశ్నకు, అంటే చచ్చిపోతే బాగుండు అన్న దానికి, సున్నా కాకుండా వేరే అంకె వేస్తే మాత్రం నోటితో కూడా చెప్పండి. రద్దీలో మేం మొత్తమే చూసి వదిలేసే ప్రమాదం ఉంది.

మందులషాపు_మూర్తి
లెటరులో వేరే డాక్టర్లు ఇచ్చిన మాత్రలు కూడా రాయండమ్మా. మోకాలి నొప్పికి వేసుకునేది, ఆయుర్వేదం షాపులో కొన్నది, అన్నీ. కొన్ని నొప్పి మాత్రలు వీటితో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

సత్తిబాబు_1958
నాకు మోకాలి మాత్ర ఉంది. డిప్రెషన్ మాత్ర లేదు. ఊరికే చెబుతున్నాను.

కోడలుపిల్ల
సత్తిబాబు గారూ, మొన్న రాత్రి రెండింటికి కూడా ఇక్కడ రాస్తూ కనిపించారు. నిద్ర పడుతోందా?

సత్తిబాబు_1958
మా ఆవిడ పోయినప్పటి నుంచి అంతే. నడుస్తూనే ఉన్నాను.

వేపచెట్టు_నీడ
నడక మానకండి. ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి మీకూ పంపుతాను, తెలుగులో ఉంది. నింపి మీ మోకాలి డాక్టర్‌కే చూపించండి, ముందు థైరాయిడ్, బీ12 పరీక్షలు ఆయనే రాస్తారు.

సత్తిబాబు_1958
పంపండి. అక్షరాలు పెద్దవిగా ఉండేది పంపండి.

నల్లగొండ_నాగు
14416లో మాట్లాడాను. వాళ్లు వివరాలు రాసుకుని జిల్లా ఆసుపత్రిలో ఎవరిని కలవాలో చెప్పారు. శుక్రవారం రమ్మన్నారు. టీచరు గారు రాస్తానన్న లెటరు మేం కూడా తీసుకుపోవచ్చా? ఏం రాయాలి?

ఓపీ_టోకెన్_47
నేను రాసేది: ఎప్పుడు మొదలైంది, ఏ మాత్ర ఎప్పటి నుంచి, ఏది పడలేదు, నిద్ర ఎన్ని గంటలు, ఇంకెవరి దగ్గరకు వెళ్తున్నాను, వాళ్ల ఫోన్ నెంబరు. ఒక పేజీ దాటనివ్వను. రెండో పేజీ ఎవరూ తిప్పరు.

నల్లగొండ_నాగు
తెలుగులో రాస్తే చదువుతారా?

ఎర్రమందారం
చదువుతాం. మందుల పేర్లు మాత్రం చీటీలో ఉన్నట్టే దించండి, అట్టలు కూడా జేబులో వేసుకుని రండి. శుక్రవారం ఓపీ తొమ్మిదింటికి మొదలైతే ఎనిమిదింటికే టోకెన్ తీసుకోండి.